ఏడుపులో సగం

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బజారులో నలుగురు టైలర్లకీ, వాళ్ళ దగ్గరికి బట్టలిచ్చే జనానికీ ఆమె కాజాల అక్క. చొక్కాకి బొత్తాం దూరే కన్నం ఉంటుందే, దాని చుట్టూ దారంతో గట్టు కట్టడం ఆమె పని. మిషను మీద నిమిషానికి మూడు కాజాలు పడే రోజుల్లో కూడా, కోటుకి మాత్రం చేత్తో కుట్టిందే కావాలని పట్టుబట్టేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని ఆమె పని ఆగలేదు. సుద్దతో గీత గీసి, చిన్న ఉలితో ఒక్క పోటు పొడిచి, కొవ్వొత్తి మీద లాగిన దారంతో కుట్టుకొక ముడి వేసి, చీలిన బొటనవేలి గోరుతో నొక్కుకుంటూ పోయేది. కన్నం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టిందో ఆమెకే తెలిసేది కాదు.

కూర్చునే చోటు టైలరు దుకాణాల మధ్య మెట్ల కింద, మూడడుగుల జాగా. ఒక పీట, ఒక దీపం, దారపు ఉండలున్న రేకు డబ్బా. నోరు మాత్రం ఆ జాగాలో పట్టేది కాదు. బజారు మొత్తానికి వినపడేది. ఎవరింట్లో ఎవరికి మాటలు లేవో, ఎవరు ఎవరి మీద కారాలు మిరియాలు నూరుతున్నారో అన్నీ ఆమెకే చెప్పుకునేవాళ్ళు. చెప్పుకున్నాక తేలిగ్గా లేచి వెళ్ళేవాళ్ళు. అవి ఇంకో చెవిన పడ్డాయని ఏనాడూ ఎవరూ అనలేదు.

ఇల్లు బజారుకి రెండు వీధుల అవతల. అన్నదమ్ములిద్దరిదీ రెండు గదుల్లో కాపురం, మధ్యలో ఒకటే వంటిల్లు. అక్క మొగుడు ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. రోజంతా ఎక్కీ దిగీ ఇంటికొచ్చి, మంచం మీంచి లేవండి అంటే "ఏ అంతస్తుకే?" అనేవాడు. అంతకు మించి మాట్లాడడు, అడ్డమూ చెప్పడు. మరిది లారీ తోలేవాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. అంచేత ఆ ఇల్లు నిజానికి ఇద్దరు ఆడవాళ్ళది, అక్కదీ, ఆమె తోడికోడలిదీ. ఇరవై ఆరేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకుని, ఒక్కసారి కూడా గిన్నెలు వేరు పెట్టుకోని తోడికోడళ్ళు. "మీరిద్దరూ ఒక కడుపున పుట్టాల్సినవాళ్ళు" అని ఎవరైనా అంటే, "పుట్టుంటే కొట్టుకుచచ్చేవాళ్ళం" అనేది తోడికోడలు. ఆమె కూతురు డిగ్రీ చదువుతోంది. నిద్రలేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది అక్కే. అక్కకి పిల్లల్లేరు. పిచ్చుక తల్లి దగ్గర పాలు తాగింది గానీ, నడకా మాటా పెద్దమ్మ ఒళ్ళోనే నేర్చుకుంది.

ఆ బజారులోకి ఒక రోజు యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కోటుకి బొత్తాం ఊడిపోయిందని. బొత్తాం కుట్టేలోపు పది ప్రశ్నలడిగింది. ప్రతి జవాబుకీ "ఎందుకు?" అనేది. ఆమె అటు వెళ్ళగానే టైలర్లు ఎందుకమ్మాయి అని పేరు ఖాయం చేశారు.

రెండోసారి వచ్చినప్పుడు సంగతి చెప్పింది. "మనుషుల భావోద్వేగాల మీద పరిశోధన చేస్తున్నానక్కా. మన దగ్గర ఆడవాళ్ళు కోపం, దుఃఖం, అసూయ ఇవన్నీ ఎలా చెప్పుకుంటారు, ఏ మాటలు వాడతారు, మతం ఏం చెప్పింది, ఇంట్లో ఏం నేర్పారు... అదీ నా పని."

"ఏడుపు మీద పరిశోధనా!" అంది అక్క సూదిలో దారం ఎక్కిస్తూ. "దానికి యూనివర్సిటీ దాకా ఎందుకమ్మా, నాలుగు ఉల్లిపాయలు తరిగితే సరిపోయె."

టైలర్లు పగలబడి నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది, నవ్వుతూనే ఆ మాట పుస్తకంలో రాసుకుంది. తన నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకరు రాసుకోవడం, అక్క పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. బయటికి "ఓస్, ఇది కూడా రాస్తావా" అంది గానీ లోపల ఎక్కడో చల్లగా తగిలింది.

అప్పట్నుంచి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు ఎందుకమ్మాయి మెట్ల కింద హాజరు. ఒక కాగితం తెచ్చి, "మీ పేరు ఎక్కడా రాయనని ఇందులో ఉందక్కా, ఇక్కడ సంతకం పెట్టండి" అంది. అక్క సంతకం పెట్టింది. అగ్గిపెట్టంత రికార్డరు దారపు డబ్బా మీద పెట్టుకుని, పని అడ్డం రాకుండా తనూ ఒక సూది తీసుకుని హుక్కులు కుడుతూ కూర్చునేది. నెల తిరిగేసరికి నేరుగా కుట్టడం కూడా వచ్చింది.

"మన పాత పండితులు మనసులో భావాల్ని తొమ్మిది రసాలుగా విడదీశారక్కా," అని ఒకరోజు తొమ్మిదీ చెప్పింది.

అక్క విని, "ఇందులో బెంగ ఏదమ్మా?" అంది.

ఎందుకమ్మాయి తడుముకుంది. "విడిగా లేదక్కా. కరుణలో కలుస్తుందేమో."

"కలపకు. కరుణ దారిన పోయేవాళ్ళ మీద కూడా కలుగుతుంది. దిగులు ఊరికే ఉంటుంది, మబ్బు పట్టినట్టు, కారణం అక్కర్లేదు. బెంగకి మాత్రం ఒక మనిషుండాలి. ఫలానా మనిషి కోసమే బెంగ పెట్టుకుంటారు. మా పిచ్చుక చిన్నప్పుడు వాళ్ళమ్మమ్మ ఊరెళ్ళి నాకోసం బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంది. జ్వరం వచ్చేది బెంగకే, దిగులుకి రాదు."

ఇంకోరోజు కోపం సంగతి. ఎందుకమ్మాయి చెప్పింది, పెద్దలు మనిషికి లోపలున్న శత్రువులు ఆరుగురన్నారని. "ఆరుగురేనా? మా వీధిలోనే పదహారుమంది ఉన్నారు," అంది అక్క. అని, సూది గాల్లో ఆపి, వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. "కోపం పాలపొంగు. పొయ్యి తుడుచుకుంటే అయిపోతుంది. అలక అలా కాదు, ఒంటరిగా కుదరదు, బతిమాలే మనిషుండాలి. బతిమాలేవాళ్ళు లేనిచోట అలిగితే ఆకలి తప్ప ఏం మిగలదు. కచ్చ అంటే పూట పూటకీ నీళ్ళు పోసి పెంచుకునే కోపం. ఉక్రోషం ఉందే, అది అన్నిట్లోకీ చెడ్డది. తప్పు మనదే అని లోపల తెలుస్తూనే పైకి వచ్చే కోపం."

పిచ్చుకకి ఈ మాటలన్నీ కంఠతా వచ్చు. చిన్నప్పుడు మూతి ముడిచినప్పుడల్లా "ఇది కోపమా, అలకా, ఉక్రోషమా? ముందది తేల్చు" అని పెద్దమ్మ నిలదీసేది మరి.

ఎందుకమ్మాయికి ఒకసారి జ్వరం వచ్చి మూడు వారాలు రాలేదు. అక్క అడ్రసు కనుక్కుని, హాస్టలు గదికి వెళ్ళి, ఆ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి, జడ చిక్కు తీసి వచ్చింది. తోడికోడలు గంజి కాచి ఇచ్చింది. తర్వాత ఆ అమ్మాయి వాళ్ళింటికి కూడా వచ్చి, ఆ వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని తిని వెళ్ళేది. తోడికోడల్ని పిన్నీ అని పిలిచేది.

ఎనిమిదో నెలలో కాబోలు, వాన పడుతున్న మధ్యాహ్నం. టైలర్లు భోజనాలకి వెళ్ళారు. ఎందుకమ్మాయి హుక్కులు కుడుతూ, తలెత్తకుండా అంది: "అక్కా, మీరు కోపం చెప్పారు, బెంగ చెప్పారు, అలక చెప్పారు. కుళ్ళు గురించి ఎప్పుడూ చెప్పరేం?"

అక్క చేతిలో దారం తెగింది. "దాని గురించి చెప్పడానికేముంది. అందరికీ ఉండేదే," అని ఇంకో దారం తీసుకుంది.

అప్పుడు ఎందుకమ్మాయి రికార్డరు తీసి, నొక్కి ఆపి, సంచిలో వేసుకుంది. వేసుకుని, సన్నగా మొదలుపెట్టింది. తల్లి చాలాకాలం మంచం పట్టి పోయిందట. పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే తనకి మాత్రం ముందుగా "హమ్మయ్య" అనిపించిందట. ఆ హమ్మయ్య ఎవరికీ చెప్పలేదట. చెప్పి, అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

అక్క ఆ తల నిమిరింది. నిమురుతూ నిమురుతూ, ఇరవై రెండేళ్ళుగా మొగుడికి కూడా చెప్పని మాట చెప్పేసింది.

పిచ్చుకకి ముందు తోడికోడలికి ఒక కొడుకు. అప్పటికి అక్కకి పెళ్ళయి పదకొండేళ్ళు, కడుపు పండలేదు. తోడికోడలు వచ్చిన ఏడాదికే పిల్లాడు. వాడిని అక్కే ఎత్తుకు తిరిగేది. మూడో ఏట జ్వరం వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రి. నాలుగోరోజు పొద్దున మరిది గుమ్మంలోకి వచ్చి, ఏం చెప్పకుండా అలా కూలబడ్డాడు. అక్క వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడుంది. "అప్పుడు, ఒక్క క్షణం అమ్మా, రెప్పపాటు. గుండెలో ఏదో ముడి వదులైనట్టయింది. ఇక దానికీ లేడు, నాకూ లేడు, మేమిద్దరం ఒకటే అనుకున్నాను. అనుకున్నానని తెలిసేలోపు గరిటె కింద పడేసి అరిచాను. ఆ రోజు నేనేడ్చిన ఏడుపుకి వీధి వీధంతా వచ్చింది. పళ్ళు బిగుసుకుపోయాయి, నీళ్ళు కొట్టి లేపారు. కన్నతల్లిని వదిలేసి నన్ను పట్టుకున్నారు జనం. ఆ ఏడుపులో సగం వాడికోసమే. నా బిడ్డే వాడు. మిగతా సగం, లోపలన్న ఆ మాట ఎవరికీ వినపడకూడదని."

ఎందుకమ్మాయి అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అక్కకి ఆ సాయంత్రం ఒళ్ళు తేలికైంది. ఇంటికెళ్ళి తోడికోడలికి జడ వేసింది, ఏ కారణమూ లేకుండానే.

తర్వాత రెండు నెలలకి పరిశోధన పూర్తయిందని ఆ అమ్మాయి సెలవు పుచ్చుకుంది. ఫోను చేస్తానంది. మొదట వారానికోసారి చేసింది, తర్వాత నెలకోసారి, తర్వాత లేదు. "చదువుకున్న పిల్ల, పనుండదూ" అని అక్క తనే సర్దిచెప్పుకుంది.

రెండేళ్ళు గడిచాయి. పిచ్చుక డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఒక రోజు సమాజశాస్త్రం క్లాసులో మేడం ఒక కొత్త పుస్తకం తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. అందులో ఒక భాగం చదివి తెలుగులో చెప్పింది. చేతిపని చేసుకునే ఒక ఆవిడ, తోడికోడలి బిడ్డ చనిపోతే లోపల సంతోషపడి పైకి గుండెలు బాదుకుని ఏడ్చిన కథ. మన సమాజంలో దుఃఖం ఎంత మేరకు ప్రదర్శన, ఎంత మేరకు నిజం అని చర్చ పెట్టింది. ముందు లేచింది పిచ్చుకే. "ఇలాంటి మనుషులు పక్కనే ఉండి నవ్వుతారు మేడం. అన్నం పెట్టిన చేత్తోనే విషం పెట్టే రకం," అంది. క్లాసంతా అవునంది.

అప్పుడు మేడం పేజీ తిప్పింది. "అయితే ఈవిడ చాలా తెలివైంది. కోపానికీ ఉక్రోషానికీ తేడా ఎంత బాగా చెప్పిందో వినండి," అంటూ చదివింది. పాలపొంగు, బతిమాలే మనిషి, నీళ్ళు పోసి పెంచుకునే కోపం. పిచ్చుక నిలబడే ఉంది. మెట్ల కింద జాగా, కొవ్వొత్తి మీద లాగే దారం, చీలిన బొటనవేలి గోరు, లారీ తోలే మరిది, అన్నీ ఉన్నాయి పుస్తకంలో. పేరు ఒక్కటి లేదు.

నాలుగు రోజులు పిచ్చుక నోరు విప్పలేదు. అన్నం కెలికి వదిలేసింది. పెద్దమ్మ పిలిస్తే పక్కనుంచి వెళ్ళిపోయింది. అయిదోరోజు ఆదివారం పొద్దున్న తల్లి ఊరుకోలేక వంటింట్లో పట్టుకుంది. "ఎవడే వాడు?"

"ఎవడేంటమ్మా?"

"నాకు తెలీదనుకున్నావా? తిండి లేదు, మాట లేదు. ఎవడో చెప్పు, మీ నాన్నతో నేను మాట్లాడతా."

అక్క పక్కనే బియ్యం ఏరుతోంది. నవ్వాపుకుంటూ, "చెప్పవే, కుర్రాడు బాగుంటే ముందు నేను ఒప్పుకుంటా," అంది.

ఆ నవ్వు చూసి పిచ్చుక తట్టుకోలేకపోయింది. గదిలోకి పరుగెత్తి, జిరాక్సు తీయించిన నాలుగు పేజీలు తెచ్చి చాటలో బియ్యం మీద పడేసింది. "ఇది నువ్వేనా పెద్దమ్మా? కాదని చెప్పు. నువ్వు కాదంటే నేను నమ్ముతా."

తెలుగులో చెప్పమంది తల్లి. పిచ్చుక చదువుతూ చెప్పింది. మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ తోడికోడలు స్టవ్వు గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడింది. అయ్యాక అడిగింది, "నిజమేనా అక్కా?"

కాదు అంటే సరిపోయేది. ఆ పిల్ల కల్పించి రాసిందంటే ఇద్దరూ నమ్మేవాళ్ళు, నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు కూడా. కానీ అక్క ఆ పేజీల వంక చూస్తోంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. ఆ నల్లటి గీతల్లో తన మాటలు ఎక్కడున్నాయోనని వెతుకుతోంది. రికార్డరు ఆపేసింది కదా, సంచిలో వేసుకుంది కదా అని, అక్కడే ఆగిపోయింది ఆమె బుర్ర. ఆపింది యంత్రాన్నే, చెవుల్ని కాదని అప్పుడు తెలిసింది. తల ఎత్తేసరికి తోడికోడలు వంటింట్లో లేదు.

ఆ రోజు నుంచి పొయ్యి ఒకటే గానీ వేళలు వేరయ్యాయి. తోడికోడలు ఆరింటికి వండుకుని గిన్నెలు తన గదిలోకి తీసుకెళ్ళేది. ఎనిమిదింటికి అక్క. అక్క మొగుడు రెండ్రోజులు చూసి, "ఏమైందే మీకు?" అన్నాడు. చెప్పింది. ఆయన గోడవైపు తిరిగి, "నాకు చెప్పుండాల్సిందే," అన్నాడు. అంతే. ఆ మాట కూడా ఒక చురకే. పిల్లల్లేని బాధ ఆయనకీ ఉంది, ఎవరో పరాయి పిల్లకి చెప్పిన మాట తనకి చెప్పలేదే అని.

అలా తొమ్మిది రోజులు. పదోరోజు కుళాయి దగ్గర బట్టలు పిండుతుంటే తోడికోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకుంది అక్క. తిడితే బాగుండుననుకుంది.

"వాడు పోయిన రోజు నాకేం గుర్తులేదక్కా," అంది తోడికోడలు. "వాడి మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. నాకు ఏడుపే రాలేదు ఆ రోజు, తెలుసా? బండరాయిలా కూర్చున్నా. నీ ఏడుపొక్కటే వినపడింది. నా బదులు అక్క ఏడుస్తోంది, నా బిడ్డకి ఇద్దరు తల్లులు అనుకున్నా. ఇన్నేళ్ళూ వాడు గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఏడుపునే తల్చుకుని నిద్రపోయా. నాకు వాడి తాలూకు మిగిలిందదే. నువ్వు అనుకుంటే అనుకున్నావు, మనసు ఎవరి చేతిలో ఉంటుంది? కానీ దాన్ని ఎవత్తెకో ఎందుకు చెప్పావు? నాతో చెప్పుంటే ఓ చెంపదెబ్బ కొట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నా కొడుకు చావు మీద పిల్లలు పరీక్ష రాస్తారట."

బకెట్టు నింపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అక్క పనికి వెళ్ళలేదు. యూనివర్సిటీకి వెళ్ళి, గది గదీ తిరిగి, ఎందుకమ్మాయి ఇప్పుడక్కడే మేడం అయిందని తెలుసుకుని, ఇంటి అడ్రసు పట్టింది. కొత్త అపార్టుమెంటు, మూడో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ ఎక్కలేదు. మెట్లెక్కుతూ అనాల్సిన మాటలన్నీ కూడబలుక్కుంది. నీకు తడిగుడ్డ వేసిన చెయ్యమ్మా ఇది, అనాలనుకుంది.

తలుపు తీసింది ఒక పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. చేతిలో వార్తాపత్రిక. అదే గడ్డం, అదే పలుచటి కనుబొమలు. "అమ్మాయి స్నానం చేస్తోంది, రండి, కూర్చోండి," అంది ఆప్యాయంగా.

"మీరు...?"

"వాళ్ళమ్మనండీ."

అక్క గుమ్మం పట్టుకుంది. "సవతి... అంటే, పిన్నిగారా?"

ఆవిడ నవ్వింది. "సొంత తల్లినేనండీ. పోలిక కనపడట్లేదా? అందరూ నా నోట్లోంచి ఊడిపడిందంటారు." మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఎవరో ఏమిటో కనుక్కోగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీరా! కాజాల అక్క మీరేనా! మీ గురించి ఎంత చెప్పేదో. ఆ పుస్తకానికి ప్రాణం మీరేనంటుంది. దానికి జ్వరమొస్తే కన్నతల్లిలా చూశారట. నేను మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయాను. మీ ఋణం ఎలా తీర్చుకోవాలో." ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది, కళ్ళు చెమర్చాయి కూడా. ఆవిడ పాపం ఏం ఎరగదు. ఆ పిల్ల తనని ఎప్పుడో చంపేసిందని ఆవిడకి తెలీదు.

ఎందుకమ్మాయి తడిజుట్టుతో బయటికొచ్చింది. సోఫాలో పక్కపక్కన కూర్చున్న ఇద్దర్నీ చూసి నిలబడిపోయింది. "అమ్మా, నువ్వు కాస్త లోపలికెళ్ళు," అంది.

తలుపు మూసుకుంది. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ అక్కకి గుర్తు రాలేదు. "మీ అమ్మ బాగుందమ్మా," అంది చివరికి.

"అక్కా, నేను చెప్పేది వినండి..."

"చెప్పు."

"మీరు అప్పటికి చాలాసార్లు అంచుదాకా వచ్చి ఆగిపోయారు. నాకు తెలుస్తోంది, లోపల ఏదో ఉందని. ఎవరైనా ముందు ఒక మాట చెబితే, ఎదుటివాళ్ళకి ధైర్యం వస్తుంది. అది... ఒక పద్ధతి అక్కా. మోసం చేయాలని కాదు. మీ పేరు రాయలేదు కదా. మీరు సంతకం కూడా చేశారు."

"పేరు రాయలేదు. నిజమే. నన్ను తప్ప ఏమీ వదల్లేదు."

ఎందుకమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూస్తే అక్కకి జాలి కలగలేదు, కోపమూ రాలేదు. వాన పడ్డ ఆ మధ్యాహ్నం కూడా ఇవే కళ్ళు, ఇవే నీళ్ళు. వీటిలో సగమైనా నిజముందో లేదో అనుకుంది. అనుకుని ఉలిక్కిపడింది. తోడికోడలు ఇప్పుడు తన కన్నీళ్ళని చూసేది ఇలాగే మరి.

"ఆ పేజీలు తీసెయ్," అంది. "వేరే ఏం అడగను."

"పుస్తకం అచ్చయిపోయిందక్కా. మళ్ళీ వేసేటప్పుడు ప్రయత్నిస్తాను." కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, కొంచెం ముందుకి వంగి, ఆ పాత గొంతుతోనే, మెత్తగా అడిగింది: "ఇప్పుడు మీకేమనిపిస్తోందక్కా?"

అలవాటుగా అడిగిందో, బాధతోనే అడిగిందో, ఆ పిల్లకే తెలియాలి. అక్క లేచి చీర సర్దుకుంది. "దానికి మాట ఉందమ్మా మన భాషలో," అంది. "నీకు మాత్రం చెప్పను."

మూడంతస్తులూ దిగి, బస్సెక్కి, బజారుకొచ్చి, మెట్ల కింద కూర్చుని సాయంత్రం దాకా పనిచేసింది. ఎవరితోనూ మాట్లాడలేదు. టైలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత కూడా జనం వచ్చేవాళ్ళు, పీట పక్కన చతికిలబడి కోడళ్ళ మీదా అత్తల మీదా చెప్పుకోబోయేవాళ్ళు. "నాకు వద్దమ్మా, ఇంట్లోవాళ్ళకే చెప్పుకో," అనేది. మెల్లగా రావడం మానేశారు. బజారులో ఒక చివర నుంచి ఇంకో చివరకి వినపడే గొంతు లేక మధ్యాహ్నాలు మిషన్ల చప్పుడే మిగిలింది.

ఏడాదికి పుస్తకం మళ్ళీ అచ్చయింది. పిచ్చుక లైబ్రరీలో చూసొచ్చి చెప్పింది. పేజీలు అలాగే ఉన్నాయట. కాజాలు కుట్టే ఆవిడ అన్నచోట అల్లికలు అల్లే ఆవిడ అని మార్చారట. లారీ బదులు బస్సట. "అల్లికా! నాకు రానే రాదు," అంది అక్క. పిచ్చుక నవ్వబోయి ఏడ్చింది. ఆ పిల్ల పెద్దమ్మని ఎప్పుడో దగ్గరికి తీసుకుంది. క్లాసులో తనన్న మాట పెద్దమ్మకి చెప్పి, కాళ్ళు పట్టుకుని, "అది ఉక్రోషం కూడా కాదు పెద్దమ్మా, దానికి పేరే లేదు," అని భోరుమంది. పిల్లలు తొందరగా మారతారు. తోడికోడలు మారలేదు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, అక్కకి ఏడవడం కుదరకుండా పోయింది. మరిది లారీ ఎక్కడో బోల్తాపడి కాలు విరిగి వచ్చాడు. ఆసుపత్రిలో అందరూ ఏడుస్తుంటే ఆమె గోడవారగా నిలబడింది. ఏడిస్తే నటిస్తోందనుకుంటారు. ఏడవకపోతే లోపల సంతోషపడుతోందనుకుంటారు. తోడికోడలు ఏడుస్తూనే ఒకసారి తలతిప్పి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపుకి అక్క కళ్ళు ఎండిపోయాయి. వచ్చిన కన్నీరు వచ్చినట్టే లోపలికి పోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తర్వాత అక్క పెద్దన్న పోయాడు. అక్కడా అంతే. చుట్టాలు "రాతిగుండె" అన్నారు.

మరుసటి ఏడు పిచ్చుకకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఎండ ఇంకా ముదరని ఒక పొద్దున, అందరూ రైలు స్టేషనుకి వెళ్ళారు. మరిది చంకకర్రతో కుంటుతూ, అక్క మొగుడు రెండు పెట్టెలూ మోస్తూ. రైలు రావడానికి ఇంకా పావుగంట ఉంది. పిచ్చుక ఒకళ్ళ మెడ వదిలి ఒకళ్ళ మెడ పట్టుకుంటోంది. తల్లి బాహాటంగా ఏడుస్తోంది. అక్క అందరికీ వెనకగా, బరువు తూచే మిషను పక్కన నిలబడి, పిచ్చుక టిఫిను డబ్బా మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉంది.

రైలు కదిలింది. కిటికీలోంచి ఊపుతున్న చెయ్యి చిన్నదై, మలుపు తిరిగింది. డబ్బా ఇంకా అక్క చేతిలోనే ఉంది, ఇవ్వడం మర్చిపోయింది.

మగవాళ్ళిద్దరూ ముందు నడిచారు. తోడికోడలు పైట కొంగుతో మొహం తుడుచుకుంటూ అక్క పక్కకి వచ్చి ఆగింది. మూడేళ్ళలో ఇంటి పని మాటలు తప్ప ఇంకో మాట లేదు వాళ్ళ మధ్య. ఆ డబ్బా చూసింది, దాని మూత ఇంకా తీసి పెడుతున్న చేతుల్ని చూసింది. మొహం మాత్రం చూడలేదు.

"ఏడుపొస్తే ఏడువక్కా," అంది. "నేను చూడన్లే."

అని పట్టాల వైపు తిరిగి నిలబడింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా, మగవాళ్ళు రెండుసార్లు వెనక్కి వచ్చి పిలిచేదాకా, అటే చూస్తూ నిలబడింది.